చెవి పరీక్ష పెట్టిన రేడియో దుకాణం

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి సంవత్సరం నేను కరీంనగర్‌లో ఒక రేడియో దుకాణంలో చేరాను. పదకొండేళ్ళు అక్కడే పనిచేశాను. ఆ తరువాత వేరే ఊళ్ళలో, వేరే దుకాణాల్లో ఇంకో పాతికేళ్ళు గడిపాను గాని, ఈ పని గురించి నాకు తెలిసిందంతా ఆ మొదటి దుకాణంలో తెలిసిందే. ఎప్పుడు జీతం పెరిగింది, ఎప్పుడు ఎవరు మెచ్చుకున్నారు అనేవి రాయను. చదివేవాళ్ళకంటే ముందు నాకే నిద్ర వస్తుంది. పాటల పెట్టెలు అమ్మే పనిలో కొత్తగా చేరేవాళ్ళకు పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం మా తప్పులే, అందులో పెద్ద తప్పు నాది.

మా సేటు

దుకాణం యజమాని వైకుంఠం సేటు. వాళ్ళ నాయన అదే దుకాణంలో ఉప్పు, ఎండు మిరపకాయలు అమ్మి నాలుగు రాళ్ళు వెనకేశాడు. కొడుకును చదువుకోమని హైదరాబాదు పంపితే, అక్కడ ఎవరింట్లోనో ఒక పెద్ద రేడియోగ్రామ్ విని చదువు మరిచిపోయాడు. నాయన పోయాక మిరపకాయల బస్తాలు తీసేయించి, సున్నం వేయించి, రేడియోలు పెట్టాడు. మొదటి రెండేళ్ళు వచ్చిన గిరాకీలందరూ తుమ్ముతూ రేడియో విన్నారట. నేను చేరేనాటికి ఘాటు తగ్గింది.

చేరిన మొదటి రోజే ఆయన నాకు పని చెప్పాడు.

"నారాయణా, అమ్ముడు మన పని గాదు. అది ఎవడైన అమ్ముతడు. ఎవనికి అమ్మద్దో చూసుడు మన పని."

నేను తమాషాకు అన్నాడనుకున్నాను. తమాషా కాదు. మా దుకాణంలో గిరాకీ రేడియో చెవి తిప్పకూడదు. పెట్టె మీద చెయ్యి వేయకూడదు. ధర అడిగే ముందు ఆయన అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఇల్లు ఏ పక్కకు ఉంది, పైకప్పు పెంకులా, రేకులా, ఇంట్లో చిన్నపిల్లలు ఎంతమంది, వాళ్ళు ఏడుస్తారా? హుజూరాబాద్ నుంచి వచ్చిన ఒక రైతు రేకుల ఇల్లని ఒప్పుకున్నాడు.

"రేకులా? వాన కొడ్తె గా సప్పుడుల గీ సెట్టు ఏం గావాలె? ముందుగాల ఇల్లు కప్పుకోని రా పో."

ఆ రైతు నిజంగానే ఏడాది తిరిగేసరికి పెంకులు కప్పించుకుని వచ్చాడు. అప్పుడు సేటు ఆయనకు కుర్చీ వేయించాడు. ఇట్లాంటివి జరిగితే మనిషికి తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని గట్టి నమ్మకం కలుగుతుంది.

భైంసా నుంచి ఒక పత్తి వ్యాపారి వచ్చాడు. అన్నిటికంటే పెద్ద పెట్టె ఏదని అడిగాడు. సేటు దాని స్వరం గురించి, కంచు గురించి, గంభీరత గురించి పావుగంట చెప్పాడు. వ్యాపారి ఓపికగా విని అసలు సంగతి అడిగాడు.

"గదంత సరే గని సేట్, గిది మా దుకాన్ల గద్దె పక్కన పెడ్తె రోడ్డు మీద పొయ్యేటోనికి కనవడ్తదా?"

సేటు లేచి లోపలికి వెళ్ళిపోయాడు. వ్యాపారి పోయేదాకా బయటికి రాలేదు. నన్ను మాత్రం మధ్యలో రెండుసార్లు పిలిచి "పోయిండా?" అని అడిగాడు.

మా సేటు ఆశపోతు కాడని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆశపోతయితే బాగుండేది. ఆశ ఉన్న దుకాణదారు గిరాకీని కనీసం కూర్చోబెడతాడు. వస్తువును ప్రేమించే దుకాణదారు మాత్రం కొనవచ్చినవాణ్ణి పిల్లనడగవచ్చిన తాగుబోతును చూసినట్టు చూస్తాడు. ఇది నా ముప్ఫయ్యారేళ్ళ అనుభవంలో తేలిన మాట, ఇప్పటి దుకాణాల్లో కూడా ఇట్లాంటివాళ్ళు కనిపిస్తున్నారు.

తెర

ఇక చెవి పరీక్ష. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట ఒకాయన. మా సేటు పిచ్చి కుదిరింది అనుకున్న ఏడాదే ఈ పరీక్ష మొదలుపెట్టాడు.

దుకాణం వెనక భాగంలో ఒక పొడుగాటి టేకు బల్ల ఉండేది. దానికి నడుమ అడ్డంగా ఎర్ర మఖమల్ తెర కట్టించాడు. తెర వెనక, బల్ల మీద రెండు సెట్లు పక్కపక్కన ఉంటాయి. ఒకటి చిన్నది, ఒకటి చాలా పెద్దది, ఖరీదైంది. తెరకు ఇవతల అదే బల్ల పక్కన గిరాకీకి కుర్చీ. కుర్చీ వీపు తెర వైపు ఉంటుంది. సేటు ఎదురుగా కూర్చుంటాడు. నేను తెర వెనక నిలబడి గ్రామఫోను మీద ఒక సన్నాయి ప్లేటు పెడతాను. ఆ ప్లేటు సంగీతాన్ని ఏ సెట్టుకు పంపాలో చూసే ఇత్తడి పిడి స్విచ్చి ఒకటి నా చేతి కింద ఉండేది. పిడి ఎడమకు తిప్పితే చిన్న సెట్టు మోగుతుంది, కుడికి తిప్పితే పెద్దది.

"ఒకటి" అంటాడు సేటు. నేను తిప్పుతాను. కాసేపాగి "రెండు" అంటాడు. మళ్ళీ తిప్పుతాను. ఏది మంచిదో గిరాకీ చెప్పాలి. పెద్ద సెట్టును గుర్తుపడితే పాసు. పాసైనవాడికి ఏది కావాలంటే అది అమ్ముతాడు, చాయ్ తెప్పిస్తాడు. ఫెయిలైతే "మీకు గీ ఖర్చు దండుగ" అని చెప్పి పంపేస్తాడు. చిన్నది అడిగినా ఇవ్వడు. ఊరంతా జవాబు తెలిసిపోకుండా పెద్దదాన్ని ఒకసారి ముందు, ఒకసారి తరువాత మోగించేవాడు. ఏది ముందో మా ఇద్దరికే తెలిసిన సైగతో చెప్పేవాడు.

ఇట్లా చేస్తే దుకాణం మూతపడుతుందని అనుకున్నాను. జరిగింది వేరు. జనం ఎగబడ్డారు. రేడియో కొనే ఆలోచన లేనివాళ్ళు కూడా పరీక్షకు వచ్చారు. పాసైనవాళ్ళు బజారులో తల ఎత్తుకుని నడిచారు. పెళ్ళి సంబంధాల్లో "అబ్బాయి వైకుంఠం సేటు దగ్గర పాసు" అని చెప్పుకున్నారని విన్నాను. గిరాకీని అవమానిస్తే రెండింతలు గౌరవం దొరుకుతుందని నాకప్పుడు అర్థమైంది, అర్థమైనందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఎందుకంటే నేను కూడా ఆ వేడిలో తల ఎగరేయడం నేర్చుకున్నాను. ఫెయిలైనవాళ్ళను గుమ్మం దాకా సాగనంపుతూ "ఏం ఫికర్ చెయ్యకున్రి, అందరికి చెవులుండయి" అని ఓదార్చేవాణ్ణి.

దసరా పూజ

ఆ ఏడు దసరాకు ఆయుధపూజ చేశాం. కమ్మరికి సుత్తి ఎట్లాగో, మాకు ఆ స్విచ్చి అట్లాగ. అన్నిటికంటే ముందు దానికే బొట్టు పెట్టాలని సేటు పట్టుదల. ఇత్తడి పిడి నల్లబడి ఉంది. నేను ముందురోజు దాన్ని విప్పి, చింతపండుతో తోమి, బంగారంలా మెరిపించి, ఆరబెట్టి, మళ్ళీ బిగించాను. బిగించాక తాంబాళంలో గోరంత ఇనుప మేకు ఒకటి మిగిలింది. యంత్రం విప్పి బిగిస్తే ఏదో ఒక ముక్క మిగలడం మామూలే అని మా కాలంలో అందరికీ నమ్మకం. దాన్ని మరమేకుల డబ్బాలో పడేశాను. స్విచ్చికి పసుపు, కుంకుమ, బంతిపువ్వు పెట్టాం. సేటు కొబ్బరికాయ కొట్టి, "ఎంత సక్కగ తిరుగుతుందో సూడు" అన్నాడు. నిజంగానే పిడి అంతకు ముందుకంటే సులువుగా తిరుగుతోంది.

పండుగ తరువాత పరీక్షకు వచ్చినవాళ్ళలో ఒక వకీలు సాబ్ ఉన్నాడు. భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. కోర్టులో సాక్షులను ఏడిపించే మనిషి, కుర్చీలో కూర్చుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. సన్నాయి మోగింది. ఒకటి, రెండు అయ్యాయి.

"ఒకటే మంచిగున్నది. రెండోది గొంతు పట్టుకపోయినట్టున్నది" అన్నాడు.

సేటు దుఃఖంగా తల ఊపాడు. "వకీల్ సాబ్, మాఫ్ చెయ్యున్రి. ఫెయిల్."

వకీలు సాబ్ అప్పీలు చేసుకుంటానన్నాడు. సేటు ఒప్పుకోలేదు. అప్పుడు ఆమె, ఇంతసేపూ నోరు విప్పని మనిషి, "నేను కూసుంట" అంది. కూర్చుని కళ్ళు మూసుకోలేదు. సేటు ముఖం వైపే చూసింది. అయిపోగానే "రెండోది" అంది.

"శభాష్ అమ్మా!" అని సేటు లేచి నిలబడ్డాడు. "దేన్ని బట్టి చెప్పిన్రు?"

"తెలుస్తుంది గద" అందామె.

పెద్ద సెట్టు వాళ్ళింటికి వెళ్ళింది. తెర వెనకకు ఇంకొకటి కొత్తది వచ్చింది. వకీలు సాబ్ ఇంట్లో ఆ రోజు నుంచి రేడియో చెవి ఎవరు తిప్పాలో మీరే ఊహించుకోండి.

ఓదెలు

చలికాలంలో ఓదెలు వచ్చాడు. బెల్లంపల్లి బొగ్గు బాయిలో పని. రైల్లో పెద్దపల్లి దాకా, అక్కడినుంచి బస్సులో కరీంనగర్ వచ్చాడు. యాభై దగ్గర పడిన మనిషి, ఉతికిన ధోవతి, కంటిరెప్పల అంచుల్లో ఎంత కడిగినా పోని బొగ్గు. గుమ్మంలోనే బజారంతా వినబడేలా అన్నాడు.

"రేడియో గావాలె!"

సేటుకు ఆ గొంతు నచ్చలేదు. అయినా నియమం నియమమే కాబట్టి కుర్చీలో కూర్చోబెట్టాడు. నేను ప్లేటు పెట్టాను. ఓదెలు కళ్ళు మూసుకోలేదు, సేటు ముఖం చూడలేదు. అరచెయ్యి తీసి టేకు బల్ల మీద పరిచి, నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. రెండు సెట్లూ అయ్యాయి. ఏది మంచిదో చెప్పమన్నట్టు సేటు వేళ్ళతో ఒకటి, రెండు చూపించాడు.

"రెండూ ఒక్కటే."

అట్లాంటి జవాబు మా దుకాణంలో ఎవరూ చెప్పలేదు. తప్పు చెప్పడం వేరు, ఇది పరీక్షనే తిట్టినట్టుంది. "ఫెయిల్" అన్నాడు సేటు. ఓదెలు కదలలేదు. "ఫెయిల్! పో!" అన్నా కదలలేదు. అప్పుడు తెలిసింది మాకు, ఆ మనిషికి చెవుడని. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఎముక కొరుకుతున్నావా అన్నాడట, అన్నాను నేను తెర వెనక నుంచి. మేమిద్దరం నవ్వాం. ఆయన మా నోళ్ళు కదలడం చూసి, తనూ మర్యాదకు నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది.

మరుసటి నెల మళ్ళీ వచ్చాడు. మళ్ళీ చెయ్యి బల్ల మీద పెట్టాడు. "రెండూ ఒక్కటే." మళ్ళీ ఫెయిల్. మూడో నెల కూడా అంతే. ఆ మూడోసారి జాలి అనిపించి నేను బస్టాండు దాకా వెంట వెళ్ళాను. హోటల్లో చాయ్ తాగించి, చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. హోటల్లో ఉన్నవాళ్ళంతా గ్లాసులు దించి మమ్మల్నే చూశారు.

"అన్నా! నీకు ఇనవడది గద! రేడియో ఎందుకే?"

ఆయన మామూలుగా చెప్పాడు, అంటే అదీ అరుపే.

"బాయిల మందు పేల్చే పని నాది, తమ్మీ. చెవులు దాంట్లనే పోయినయి. మా లైన్ల నా ఇంటి అరుగు పెద్దది. షిఫ్టు దిగినోళ్లంత ఒకప్పుడు ఆడనే కూసునేటోళ్లు. నా ఆడిది బతికున్నప్పుడైతె ఆమెతోని మాట్లాడేటోళ్లు. ఇప్పుడు నాతోని మాట్లాడాలంటె ఒర్రాలె. పది గంటలు బాయిల చేసొచ్చినోడు ఎవడొర్రుతడు? చెయ్యూపి పోతున్నరు. రేడియో ఉంటె కూసుంటరు."

"నీకేం ఇనవడది గదనే!"

"వాళ్లకు ఇనవడ్తది గద."

రెండు మూడు నెలలుగా మేము ఎగతాళి చేస్తున్నది ఇందుకా అనిపించింది. హనుమకొండ వెళ్ళి అక్కడ కొనుక్కోమన్నాను. మా దుకాణం పెట్టెకే బెల్లంపల్లిలో పేరుందట, దాన్ని వినడానికయితే జనం కచ్చితంగా వస్తారట. అయితే ఈసారి నేను లోపల నుంచి బల్లను ఒక దెబ్బ కొడతాననీ, అదే పెద్దదని చెప్పమనీ అరిచాను. హోటలు యజమానికి కూడా మా పరీక్ష జవాబు తెలిసిపోయింది.

ఓదెలు ముఖం మారింది. అరచెయ్యి నాకు చూపించాడు.

"బాయిల పైకప్పుకు కట్టెతోని కొట్టి గీ చెయ్యి ఆనిచ్చి చూస్త. వణికిందంటె అందరిని బయటికి పొమ్మంట. నా చెయ్యి ఒక్కటంటె ఒక్కటే. రేడియో కోసం దానితోని అబద్ధమాడిపిస్తె రేపు అది నాతోని నిజం చెప్తదా?"

మిగిలిన మేకు

దుకాణానికి తిరిగివచ్చాను. సేటు భోజనానికి వెళ్ళి ఉన్నాడు. సన్నాయి ప్లేటు పెట్టి, కుర్చీలో కూర్చుని, ఓదెలులాగే అరచెయ్యి బల్ల మీద పెట్టి, ఇంకో చెయ్యి తెర కిందుగా పోనిచ్చి పిడి తిప్పాను. ఎడమకు, కుడికి. నా చేతికి ఏ తేడా తెలియలేదు. నా చెయ్యి బొగ్గు బాయి చెయ్యి కాదు కాబట్టి అట్లా ఉందేమో అనుకున్నాను. లేచి వెళ్ళి పెద్ద సెట్టు కరెంటు తీగ ఊడబెరికాను. పిడి కుడికి తిప్పాను. సన్నాయి మోగుతూనే ఉంది.

పిడి తిరుగుతోంది గాని, లోపలి ఇరుసు తిరగడం లేదు. రెంటినీ కలిపే చిన్న మేకు మరమేకుల డబ్బాలో ఉంది. దసరా నుంచి పెద్ద సెట్టు ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. అందరూ రెండుసార్లూ విన్నది చిన్న సెట్టునే. పాసైనవాళ్ళు, ఫెయిలైనవాళ్ళు, "కంచు మోగినట్టున్నది" అని పొగిడినవాళ్ళు, గొంతు పట్టుకుపోయిందన్న వకీలు సాబ్, అందరూ ఒకే పెట్టె విని వెళ్ళారు. వచ్చినవాళ్ళలో నిజం చెప్పింది ఒక్క చెవిటివాడు.

అప్పుడు నేను చేయవలసిన పని మీకు తెలుసు, నాకూ తెలుసు. చేయలేదు. తేలు కుట్టిన దొంగలాగా నోరు మూసుకున్నాను. పెళ్ళయి ఆరు నెలలు కాలేదు, ఉద్యోగం పోతుందని భయం. మేకు చడీచప్పుడు కాకుండా బిగించేయవచ్చు గాని, బిగిస్తే స్వరం మారిందని సేటు పట్టేస్తాడేమో అని ఇంకో భయం. అందుకని కదలని స్విచ్చిని, అది కదలదని తెలిసి కూడా, మూడు వారాలు తిప్పాను. ఆ మూడు వారాల్లో ఎందరు తల వంచుకుని మెట్లు దిగారో! సాగనంపడానికి గుమ్మం దాకా వెళ్ళడం మాత్రం మానేశాను.

నాలుగోసారి

ఓదెలు మళ్ళీ వచ్చాడు. సేటు అతన్ని చూడగానే తల పట్టుకున్నాడు. "పరేషాన్ చేస్తున్నడు గీయన. ఇదే ఆఖరు, నారాయణా."

నేను తెర వెనకకు వెళ్ళి పెద్ద సెట్టు తీగ ఊడబెరికి చేతిలో పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో అప్పటికి నాకే తెలియదు. సన్నాయి మొదలైంది. సేటు "ఒకటి" అన్నాడు. కాసేపటికి "రెండు" అని, ఎప్పటిలాగే కళ్ళు అరమోడ్చి, గాలిలో వేళ్ళు ఆడించాడు. పెద్ద సెట్టు మోగుతోందని ఆయన నమ్మకం. తెర సందులోంచి నాకు కనబడుతోంది. అప్పుడు చూశాను, ఇన్నాళ్ళూ జవాబు ఎక్కడుందో. వకీలు సాబ్ భార్య చదివింది ఆ ముఖాన్నే.

"రెండూ ఒక్కటే" అన్నాడు ఓదెలు.

"ఇగ నువ్వు రాకు. నీకు రేడియో ఇచ్చుడంటె గొడ్డుకు గంధం పూసుడే" అన్నాడు సేటు.

నేను తెర లాగేశాను. ఊడిన తీగ ఎత్తి చూపించాను. సన్నాయి ఇంకా మోగుతోంది.

"ఆయన చెప్పిందే నిజం సేటు. దసరా నుంచి రెండూ ఒక్కటే. తప్పు నాది."

చింతపండు దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. సేటు తిడతాడనుకున్నాను, కొడతాడేమో అనుకున్నాను. ఆయన తీగ అందుకుని, దాని కొస నుంచి పెట్టెదాకా తడిమి చూశాడు. ప్లేటు అయిపోయి ముల్లు గరగరమంటోంది. చిన్నపిల్లవాడి గొంతుతో అడిగాడు.

"మరి గిన్నొద్దులు నాకు ఇనవడ్డదేంది, నారాయణా?"

ఓదెలు మా ఇద్దరి ముఖాలు చూసి, "ఏమంటున్నడు?" అని నన్ను అడిగాడు.

"నువ్వు పాసయినవన్నడు!" అని అరిచాను.

సేటు ఆ మాట అనలేదు. కాదని కూడా అనలేదు.

ఆ సాయంత్రమే సేటు వకీలు సాబ్ ఇంటికి వెళ్ళి, పరీక్ష చెల్లదని చెప్పి క్షమాపణ అడిగాడు. నేను వెంట ఉన్నాను. వకీలు సాబ్ సంతోషిస్తాడనుకున్నాం. ఆయన భార్య గుమ్మంలో నిలబడి వింటోంది. ఆయన ఒకసారి ఆమె వైపు చూసి, మా వైపు తిరిగాడు.

"సేట్, ఆమె పాసయింది. గా తీర్పు మార్చే అధికారం నీకు లేదు. మారుస్తె కేసు ఏస్త."

మరునాడు మేకు బిగించాం. సేటు తనే కుర్చీలో కూర్చుని, ముందు ఏది మోగుతుందో తనకు చెప్పవద్దని నాకు ఆజ్ఞ వేసి, కళ్ళు మూసుకుని విన్నాడు. చాలా ఆలోచించి చిన్న సెట్టును మెచ్చుకున్నాడు. తెర ఆ రోజే విప్పేశాం. ఆయన మీద నాకు మొదటిసారి ప్రేమ కలిగింది ఆ రోజే.

బెల్లంపల్లి

ఓదెలుకు ఏ సెట్టు కావాలో ఆయననే ఎంచుకోమన్నాం. ఆయన అడిగిన ప్రశ్న అంతవరకు మమ్మల్ని ఎవరూ అడగలేదు.

"నాలుగిండ్ల అవుతలికి ఏది ఇనవడ్తది?"

చిన్నదని సేటు ఒప్పుకున్నాడు. దాని గొంతు కీచుగా ఉంటుంది గాని దూరం పోతుంది.

పెట్టె బిగించడానికి, ఏరియల్ తీగ కట్టడానికి నేను ఒక్కణ్ణే వెళ్ళవలసింది. రైలు టైముకు చూస్తే సేటు కూడా గొడుగు పట్టుకుని పెద్దపల్లి స్టేషన్లో నిలబడి ఉన్నాడు. ఆయన అప్పటిదాకా ఏ గిరాకీ ఇంటికీ వెళ్ళలేదు. వకీలు సాబ్ ఇంటికి వెళ్ళింది క్షమాపణకు, అది లెక్కలోకి రాదు. దారంతా పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఓదెలు ఇల్లు కంపెనీ కట్టించిన ఇళ్ళ లైన్లలో చివరిది. అరుగు నిజంగానే పెద్దది, అలికి ముగ్గు వేసి ఉంది. ముగ్గు తనే వేశాడట, వంకరగా ఉంది. వెదురు బొంగు పాతి తీగ కట్టాను. పెట్టెను గుమ్మం పక్కన బల్ల మీద పెట్టి, మధ్యాహ్నం షిఫ్టు దిగే వేళకు హైదరాబాదు కేంద్రం పట్టాను. పాటలు వస్తున్నాయి. ఓదెలు పెట్టె పక్కన కూర్చుని దాని మీద అరచెయ్యి ఆనించాడు. పెట్టెను ముట్టుకోవద్దని చెప్పబోయి సేటు ఆగిపోవడం నేను చూశాను.

షిఫ్టు అయినట్టు బాయి కూత కూసింది. పని దిగినవాళ్ళు నల్లటి ముఖాలతో ఆ దారినే వచ్చారు. మొదటి ఇద్దరూ అలవాటుగా చెయ్యూపి, నాలుగడుగులు వేసి, నిలబడ్డారు. ఒకడు వెనక్కి వచ్చి అరుగు అంచున ఆనుకున్నాడు. రెండోవాడు టోపీ తీసి కూర్చున్నాడు. తరువాత వచ్చినవాళ్ళు అడగకుండానే కూర్చున్నారు. ఎవరో బీడీ ముట్టించి, ఇంకొకటి ఓదెలుకు ఇచ్చారు. ఆడవాళ్ళు పక్క ఇళ్ళ నుంచి చేటలు పట్టుకుని వచ్చి గోడ నీడలో కూర్చున్నారు. కాసేపటికి పాట ఎవరూ వినడం లేదు. ఎవరికి ఏ షిఫ్టు పడింది, ఎవరి పిల్లకు జ్వరం తగ్గింది, ఇవే మాటలు. మామూలుగా అయితే, సంగీతం నడుస్తుండగా మాట్లాడేవాళ్ళను మా సేటు బయటికి పంపేవాడు.

ఆయన ఓదెలు ముందు గొంతుక్కూర్చున్నాడు. చెవిని వేలితో చూపించి, పెట్టెను చూపించి, కనుబొమ్మలు ఎగరేశాడు. సప్పుడు ఎట్లున్నదని అడుగుతున్నాడు. తనకు తెలియదు కాబట్టి అడుగుతున్నాడు. అంతమందిని ప్రశ్నలడిగిన మనిషి, జవాబు తెలియకుండా ఒక గిరాకీని అడగడం నేను చూసింది అదే మొదలు.

ఓదెలు పెట్టె మీద చెయ్యి తీయకుండానే అరుగు ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. అప్పుడే ఇంకో ముగ్గురు వచ్చి, కూర్చోవడానికి చోటు లేక నిలబడి ఉన్నారు.

"జాగ సాల్తలేదు" అన్నాడు.